పై అంతస్తు వేడికి ఏం చేయాలి? ఖర్చు పెట్టేముందు ఇంటి ఎనర్జీ సిమ్యులేషన్ చేసుకోవడం ఎలా

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్‌లో పై అంతస్తులో ఉండేవాళ్లకు సలహాలకు కొదవ ఉండదు. స్లాబు మీద వైట్ పెయింట్ వేయించమని ఒకరు, టైల్స్ పరిపించమని ఒకరు, ఫాల్స్ సీలింగ్ చేయించమని ఇంకొకరు, ఇవన్నీ ఎందుకు, హాల్లో కూడా ఏసీ పెట్టించమని మరొకరు చెబుతారు. దేనికైనా వేలల్లో ఖర్చు. వీటిలో మీ ఇంటికి ఏది పనిచేస్తుందో, ఏడాదికి ఎన్ని యూనిట్లు తగ్గుతాయో డబ్బు పెట్టకముందే అంచనా వేసుకోవచ్చు. అందుకు కావలసినవి ఒక మామూలు ల్యాప్‌టాప్, ఉచిత సాఫ్ట్‌వేర్, గత ఏడాది కరెంటు బిల్లులు, రెండు మూడు సెలవు రోజుల ఓపిక.

ఈ పనిలో ఒక వరస తప్పకూడదు. ముందు ఇల్లు ఇప్పుడు ఎలా ఉందో అలాగే కంప్యూటర్‌లో కట్టాలి, దీన్నే మోడల్ అంటారు. ఆ మోడల్ మీద ఏడాది వేడిని, కరెంటును లెక్క కట్టించడమే సిమ్యులేషన్. దాన్ని అసలు కరెంటు బిల్లుతో సరిచూడాలి. అది సరిపోయాకే పెయింట్, ఇన్సులేషన్ వంటి మార్పులు పెట్టి చూడాలి. మధ్యలో ఉన్న బిల్లు మెట్టును చాలామంది దాటేస్తారు. ఆర్కిటెక్చర్ విద్యార్థుల ప్రాజెక్టుల్లో కూడా ఇదే కనిపిస్తుంది. రంగుల గ్రాఫులు బాగుంటాయి గానీ, ఆ ఇంటికి నిజంగా ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో ఎవరూ అడిగి ఉండరు.

1. ప్రశ్నను కాగితం మీద పెట్టండి

“మా ఇల్లు ఎంత ఎనర్జీ తింటుంది?” అని మొదలుపెడితే ఎటూ తేలదు. “పై అంతస్తు బెడ్‌రూమ్‌లో మార్చి నుంచి జూన్ వరకు ఏసీ యూనిట్లు తగ్గాలంటే స్లాబు మీద ఖర్చు పెట్టాలా, పడమటి కిటికీ మీద పెట్టాలా?” అని రాసుకోండి. అప్పుడు ఏ గదిని వివరంగా గీయాలో, దేన్ని వదిలేయవచ్చో మీకే తెలుస్తుంది.

2. సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం

లెక్కలు చేసే ఇంజన్ ఎనర్జీప్లస్. అమెరికా ఇంధన శాఖ దీన్ని 2001 నుంచి ఉచితంగా అందిస్తోంది. సంవత్సరంలోని 8,760 గంటలకూ ఎండ, గాలి, గోడల్లోంచి వచ్చే వేడి, మనుషుల వేడి అన్నీ కలిపి లెక్క కడుతుంది. నేరుగా దానితో పనిచేయడం కొత్తవాళ్లకు కష్టం. అందుకే ఓపెన్‌స్టూడియో అప్లికేషన్ వేసుకోండి. ఇదీ ఉచితమే, ఎనర్జీప్లస్ దానితోపాటే ఇన్‌స్టాల్ అవుతుంది, ప్లాన్ గీసే ఎడిటర్ కూడా అందులోనే ఉంటుంది. డిజైన్‌బిల్డర్ కూడా ఇదే ఇంజన్ మీద నడుస్తుంది, వాడటం ఇంకా తేలిక, కానీ డబ్బు కట్టాలి. ఒక ఇంటి కోసం అయితే దాన్ని కొనక్కర్లేదు.

3. వాతావరణ ఫైలు

సాఫ్ట్‌వేర్‌కు మన ఊరి ఎండ గురించి తెలియదు. దాన్ని ఈపీడబ్ల్యూ అనే ఫైలు రూపంలో మనమే ఇవ్వాలి. హైదరాబాద్‌కు ఎక్కువగా దొరికేది బేగంపేట విమానాశ్రయం స్టేషన్‌ది. మన దేశంలోని ఏసీ ఇంజనీర్ల సంఘం ఇష్రే తయారుచేసిన పాత ఫైలు ఒకటి ఉంది. క్లైమేట్ వన్‌బిల్డింగ్ సైట్‌లో ఇటీవలి ఏళ్ల రికార్డులతో చేసినవి ఉన్నాయి. ఇటీవలిదే తీసుకోండి. పాత ఫైలులోని వేసవి ఇప్పటి వేసవి కన్నా కొంచెం మెత్తగా ఉండవచ్చు.

ఫైలు పెట్టగానే మూడు విషయాలు చూడండి. అక్షాంశం 17.4 డిగ్రీల దగ్గర ఉండాలి. టైమ్ జోన్ 5.5 అని ఉండాలి. సముద్ర మట్టం నుంచి ఎత్తు 540 మీటర్ల అటూ ఇటూ ఉండాలి. వీటిలో ఏది తేడాగా ఉన్నా అది వేరే ఊరి ఫైలు.

ఒక మాట గుర్తుంచుకోండి. ఈ ఫైలు ఏ ఒక్క సంవత్సరానిదీ కాదు. చాలా ఏళ్ల రికార్డుల నుంచి సాధారణంగా ఉన్న జనవరి, సాధారణంగా ఉన్న ఫిబ్రవరి అలా ఏరి కుట్టిన ఏడాది. పోయిన మేలో వడగాడ్పులు మామూలు కన్నా ఎక్కువగా ఉంటే మీ బిల్లు మోడల్‌ను దాటిపోతుంది, అందులో మోడల్ తప్పేమీ లేదు.

4. ఇల్లు గీయడం

ఇంటి ప్లాన్ గజాల్లో, అడుగుల్లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌ను మెట్రిక్‌లో పెట్టుకుని అన్నీ మీటర్లలోకి మార్చుకోండి. అడుగుకు 0.305 మీటరు, చదరపు గజానికి 0.836 చదరపు మీటరు. 1,200 ఎస్ఎఫ్‌టీ స్లాబు అంటే దాదాపు 111 చదరపు మీటర్లు.

గదులన్నీ విడిగా గీయక్కర్లేదు. ఏసీ ఉన్న ప్రతి గదినీ ఒక థర్మల్ జోన్‌గా, అంటే అంతటా ఒకే ఉష్ణోగ్రత ఉన్నట్టు లెక్కించే భాగంగా పెట్టండి. హాలు, వంటిల్లు, పూజగది మధ్య తలుపులు రోజంతా తెరిచే ఉంటే వాటిని కలిపి ఒకే జోన్ చేయవచ్చు. గీశాక సర్ఫేస్ మ్యాచింగ్ చేయడం మరిచిపోవద్దు. అది చేయకపోతే రెండు గదుల మధ్య గోడను కూడా సాఫ్ట్‌వేర్ బయటి గోడే అనుకుని దానికి ఎండ తగిలిస్తుంది. అపార్ట్‌మెంట్ ఫ్లాట్ అయితే పక్క ఫ్లాట్‌తో కలిసిన గోడలను, కింది ఫ్లాట్ పైకప్పు అయిన మీ ఫ్లోరును అడయబాటిక్‌గా మార్చండి, అంటే అటు నుంచి వేడి రాదు, పోదు అని. పై అంతస్తు కాకపోతే మీ పైకప్పుకూ అంతే.

మీ స్థలానికి ఆనుకుని మూడంతస్తుల బిల్డింగ్ ఉందా? అది మీ గోడ మీద పడే ఎండను ఆపేస్తుంది. దాన్ని ఒక ఖాళీ పెట్టెలాగా షేడింగ్ సర్ఫేస్‌గా గీయండి. మన కాలనీల్లో ఇళ్ల మధ్య అయిదారు అడుగులే వదులుతారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. సజ్జలు కూడా కొలిచి పెట్టండి.

దిక్కులు సరిగ్గా పెట్టామా లేదా అన్నది తేల్చుకోవడానికి హైదరాబాద్‌వాళ్లకు మంచి పరీక్ష ఉంది. మన ఊళ్లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పత్రికల్లో జీరో షాడో డే అని రాసేది అదే. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. కాబట్టి మోడల్ రన్ చేశాక జూన్ 21న గోడల మీద పడే నేరుగా వచ్చే ఎండను గంటగంటకూ చూడండి. ఇల్లు దిక్కులకు సరిగ్గా ఉంటే దక్షిణ గోడ మీద రోజంతా సున్నా ఉండాలి, ఉత్తర గోడ మీద మధ్యాహ్నం కూడా కొంత ఉండాలి. డిసెంబరులో ఇది తారుమారు కావాలి. తూర్పు గోడకు పొద్దున, పడమటి గోడకు సాయంత్రం ఎండ తగలాలి. ఇందులో ఏది తప్పినా నార్త్ యాక్సిస్, అంటే ఉత్తరం ఎటో చెప్పే అంకె, తప్పుగా పెట్టారన్నమాట.

వేసవి సాయంత్రం సూర్యుడు పడమటికి కాస్త ఉత్తరంగా, కిందికి దిగి ఉంటాడు. పడమటి కిటికీకి రెండడుగుల సజ్జ ఉన్నా ఆ ఎండ దాని కిందుగా లోపలికి వచ్చేస్తుంది. వెదురు తెరో, బయట వేలాడదీసే చాపో దాన్ని ఆపినంతగా సజ్జ ఆపలేదు. మోడల్‌లో రెండూ పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది.

5. గోడలు, స్లాబు, అద్దాలు

సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రెడీమేడ్ గోడలు అమెరికా కట్టడాలవి, చెక్క ఫ్రేములు, మధ్యలో ఇన్సులేషన్‌తో ఉంటాయి. వాటిని వదిలేసి మనవి మనం చేసుకోవాలి. పొరలను బయటి నుంచి లోపలికి వరసగా ఇవ్వాలి: ప్లాస్టర్, ఇటుక, ప్లాస్టర్.

యూ-వాల్యూ అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే ఒక చదరపు మీటరు గోడలోంచి ఎన్ని వాట్ల వేడి వస్తుందన్న లెక్క. రెండు వైపులా ప్లాస్టర్ చేసిన 9 అంగుళాల ఎర్ర ఇటుక గోడకు అది 2కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. 200 మిల్లీమీటర్ల ఏఏసీ (తేలికపాటి కాంక్రీటు) బ్లాకు గోడకు 0.8 దగ్గర. 6 అంగుళాల ఆర్‌సీసీ స్లాబుకు, పైన ఏ పొరా లేకపోతే 3.5 దగ్గర. మీ మోడల్ లెక్కలు వీటికి బాగా దూరంగా వస్తే పొరల మందం మిల్లీమీటర్లలో ఇచ్చారో మీటర్లలో ఇచ్చారో మళ్లీ చూడండి. ఇళ్ల కోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పు యూ-వాల్యూ 1.2 దాటకూడదంటుంది. మన వట్టి స్లాబు దానికి మూడు రెట్లు.

స్లాబు పై పొరకు సోలార్ అబ్సార్ప్టెన్స్ అనే అంకె ఉంటుంది. పడిన ఎండలో ఎంత భాగాన్ని పీల్చుకుంటుందో చెబుతుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను 0.7 పెడుతుంది, మాసిన సిమెంటు స్లాబుకు అది సరిపోతుంది.

కిటికీ అద్దం మీద పడిన ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పేది ఎస్‌హెచ్‌జీసీ. మామూలు సింగిల్ గ్లాస్ కిటికీకి దాన్ని 0.8 ప్రాంతంలో పెట్టండి.

కింది అంతస్తు కూడా గీస్తుంటే ఒక చోట జాగ్రత్త పడాలి. నేల ఉష్ణోగ్రత మీరు ఇవ్వకపోతే ఎనర్జీప్లస్ ఏడాదంతా 18 డిగ్రీలు అనుకుంటుంది. హైదరాబాద్‌లో ఇంటి కింద నేల అంత చల్లగా ఎక్కడుంటుంది? ఆ అంకెతో ఫ్లోరే ఏసీలా పనిచేసి, లేని ఆదా చూపిస్తుంది. 25 నుంచి 27 మధ్య పెట్టుకోండి.

6. ఇంట్లోవాళ్లు ఎలా ఉంటారో రాయడం

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి, అందుకే ఇక్కడ ఎక్కువసేపు కూర్చోండి. సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న షెడ్యూళ్లు ఇల్లంతా 24 గంటలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంచుతాయి. మన ఇళ్లలో అలా ఎవరూ ఉండరు. బెడ్‌రూమ్ ఏసీ రాత్రి పదికి వేసి తెల్లవారుజామున ఆపేస్తారు. ఎండలు ముదిరితే మధ్యాహ్నం కూడా ఒక గంటో రెండు గంటలో వేస్తారు. జూన్ రెండో వారంలో వానలు మొదలైతే చాలా ఇళ్లలో ఏసీ ఆగిపోతుంది, ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి.

ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి అడగండి. అమ్మ మధ్యాహ్నం ఏ గదిలో పడుకుంటుంది? పిల్లలకు సెలవులు ఎప్పుడు మొదలవుతాయి? ఏసీ ఎన్నింటికి పెడతారు, 24కా, 20కా? కిటికీలు రాత్రి తెరుస్తారా, దోమలకు భయపడి మూసేస్తారా? దోమతెర ఉన్న కిటికీలోంచి గాలి తక్కువే వస్తుంది, తెరిచిన విస్తీర్ణాన్ని తగ్గించి ఇవ్వండి. స్లైడింగ్ కిటికీల సందుల్లోంచి వచ్చే గాలికి గంటకు గదిలోని గాలిలో సగం మారుతుందని మొదలుపెట్టి, తర్వాత సర్దుకోవచ్చు.

పరికరాలను రెండుగా విడదీయండి. ఫ్యాన్, టీవీ, ఫ్రిజ్, లైట్లు గదిలో వేడి పుట్టిస్తాయి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టూ. ఆ వాట్లన్నీ చివరికి గదిలో వేడిగానే మిగులుతాయి. బోరు మోటారు మాత్రం బిల్లులో కనబడుతుంది గానీ గదిని వేడెక్కించదు, కాబట్టి దాన్ని ఎక్స్‌టీరియర్ ఎక్విప్‌మెంట్ కింద పెట్టండి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు.

ఏసీ మెషీన్‌ను మొత్తం వివరంగా మోడల్ చేయక్కర్లేదు. ఏసీ ఉన్న జోన్లకు ఐడియల్ ఎయిర్ లోడ్స్ (మెషీన్ వివరాలు లేకుండా తీసేయాల్సిన వేడిని మాత్రమే లెక్కకట్టే ఊహా ఏసీ) ఆన్ చేసి, థర్మోస్టాట్ షెడ్యూల్ ఇస్తే చాలు.

7. రన్ చేసి ఫలితం చదవడం

రన్ అయ్యాక ముందు గ్రాఫులు చూడొద్దు, ఎర్రర్ ఫైలు తెరవండి. వార్నింగులు కొన్ని ఉంటాయి, వాటితో ఇబ్బంది లేదు. సివియర్ అని ఒక్కటి ఉన్నా ఆగి, అదేమిటో చదివి సరిచేయండి.

ఐడియల్ ఎయిర్ లోడ్స్ వాడితే ఫలితాల్లో ఏసీ కరెంటు కనిపించదు. డిస్ట్రిక్ట్ కూలింగ్ అనే వరసలో ఒక అంకె ఉంటుంది. అది గదిలోంచి తీసేయాల్సిన వేడి, మీటరులో తిరిగే యూనిట్లు కాదు. దాన్ని ఏసీ సామర్థ్యంతో భాగించాలి. ఉదాహరణకు 12 గిగాజౌళ్లు వచ్చిందనుకోండి. గిగాజౌలుకు 277.8 యూనిట్ల చొప్పున 3,333 అవుతుంది. ఏసీ సామర్థ్యం 3 అయితే బిల్లులో పడేవి 1,111 యూనిట్లు. కొత్త ఏసీకి స్టిక్కర్ మీదున్న ఐఎస్ఈఈఆర్ అంకె వాడండి. పాత మెషీన్‌కు 3 దాటి పెట్టకపోవడం మంచిది.

8. బిల్లుతో సరిచూడటం

పన్నెండు నెలల బిల్లులు తీసుకోండి. రీడింగ్ నెల మొదటి తేదీన తీయరు కాబట్టి, బిల్లు మీద ఉన్న రెండు రీడింగ్ తేదీల మధ్య రోజులు లెక్కపెట్టి, రోజుకు ఎన్ని యూనిట్లో తేల్చండి.

ఏసీ వేయని, గీజరు కూడా పెద్దగా వాడని నెల ఒకటి ఎంచుకోండి, చాలా ఇళ్లలో అది అక్టోబరు చివర, నవంబరు. ఆ నెల వాడకం మీ ఇంటి మామూలు ఖర్చు. ముందు మోడల్‌లో నవంబరు సరిపోవాలి. అక్కడే తేడా ఉంటే మీరేదో పరికరాన్ని మరిచిపోయారు, ఏసీ దాకా వెళ్లొద్దు. నవంబరు కుదిరాక ఏప్రిల్, మే బిల్లుల్లోంచి ఆ మామూలు ఖర్చును తీసేయండి. ఎండాకాలంలో ఫ్యాన్లు ఎక్కువ తిరుగుతాయి కాబట్టి వాటికి కొంత కలుపుకోండి. మిగిలింది ఏసీది. దాన్ని మోడల్ ఇచ్చిన ఏసీ యూనిట్లతో పోల్చండి.

భవనాల మోడళ్లకు అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే తన గైడ్‌లైన్ 14లో పెట్టిన హద్దు ఏమిటంటే, నెలవారీ లెక్కల్లో మొత్తం మీద తేడా 5 శాతం లోపు, నెలనెలా వచ్చే హెచ్చుతగ్గుల కొలత 15 శాతం లోపు ఉండాలి. ఇంటి మోడల్‌కు ఇంత బిగువు అక్కర్లేదని నా అభిప్రాయం. వేసవి నెలల్లో 15 శాతం లోపల పడితే మార్పులు పోల్చడానికి అది చాలు.

సరిపోకపోతే ఏ అంకెను సర్దాలి? మీకు ఖచ్చితంగా తెలియనివాటినే సర్దండి: ఏసీ గంటలు, థర్మోస్టాట్, సందుల గాలి, ఏసీ సామర్థ్యం. గోడ మందాన్ని, కిటికీ కొలతను బిల్లు కోసం మార్చకూడదు. అవి టేపు పెట్టి కొలిచినవి.

9. మార్పులను ఒక్కొక్కటిగా పెట్టడం

సరిపోయిన మోడల్‌ను విడిగా దాచి, కాపీలు తీసుకోండి. ఒక్కో కాపీలో ఒక్కటే మార్చండి.

కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే తెల్ల పూత) కోసం స్లాబు అబ్సార్ప్టెన్స్‌ను 0.7 నుంచి తగ్గించాలి. డబ్బా మీద ఉన్న అంకె కొత్త పెయింట్‌ది. మన దుమ్ముకు రెండేళ్లలో అది మాసిపోతుంది, అందుకే 0.2 పెట్టకుండా 0.4 పెట్టి చూడండి. దానికి కూడా లాభం కనిపిస్తే ధైర్యంగా వేయించవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్ల స్థలాలకు దాన్ని తప్పనిసరి చేసింది. మీ ఫలితాన్ని సరిచూసుకోవడానికి కొలతల ఆధారంగా వేసిన అంకె కూడా ఒకటి ఉంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్‌లో ఏసీ ఉన్న భవనాల మీద కొలిచి 2012లో ప్రచురించారు. వట్టి కాంక్రీటు కప్పుకు తెల్ల పూత వేస్తే ఏడాదికి చదరపు మీటరుకు 13, 14 యూనిట్లు ఆదా అవుతాయని అంచనా వేశారు. వాళ్లు చూసినవి పగలంతా ఏసీ నడిచే ఆఫీసులు. రాత్రి మాత్రమే ఏసీ వేసే ఇంటికి మీ మోడల్ ఇంతకన్నా ఎక్కువ ఆదా చూపిస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

ఇన్సులేషన్ కోసం స్లాబు పైన 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరీన్ నురుగు) బోర్డు పెడితే యూ-వాల్యూ 3.5 నుంచి 0.5 దగ్గరికి పడుతుంది. అదే బోర్డును స్లాబు కింద, సీలింగ్ లోపల పెట్టి ఇంకో కాపీ చేయండి. యూ-వాల్యూ రెండింటికీ ఒకటే అయినా గది ప్రవర్తన వేరు. రెండింటిలో మే నెల ఒక రోజు స్లాబు లోపలి ముఖం ఉష్ణోగ్రతను గంటగంటకూ గీసి చూడండి. ఇప్పుడున్న వట్టి స్లాబుకూ అదే గ్రాఫు తీయండి. మధ్యాహ్నం మింగిన ఎండను స్లాబు సాయంత్రం దాటాక గదిలోకి వదులుతూ ఉండటం, అంటే మీరు ఏసీ ఆన్ చేసే వేళకు సరిగ్గా వేడిగా ఉండటం అందులో కనిపిస్తుంది. ఈ ఒక్క గ్రాఫు కోసమైనా ఇంత పని చేయవచ్చని నాకనిపిస్తుంది.

పడమటి కిటికీకి బయటి తెర, అయిదేళ్ల పాత ఏసీ బదులు కొత్తది, ఇవి కూడా విడివిడిగా చూడండి. ఏసీ మార్పుకు మళ్లీ రన్ అక్కర్లేదు, భాగించే అంకె మారుస్తే సరి. ఆ తర్వాతే రెండేసి కలపండి. తెల్ల పూత 300 యూనిట్లు, ఇన్సులేషన్ 400 యూనిట్లు తగ్గిస్తే రెండూ కలిసి 700 తగ్గించవు. రెండూ ఆపేది అదే స్లాబు వేడిని కదా.

యూనిట్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు సగటు రేటు వాడొద్దు. డొమెస్టిక్ టారిఫ్‌లో యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది, మీకు ఆదా అయ్యేవి పై రేటులో పడే ఖరీదైన యూనిట్లు. మే బిల్లులో చివరి యూనిట్ ఏ రేటులో పడిందో చూసి దానితో గుణించండి.

10. ఏసీ లేని గదులకు

అక్కడ యూనిట్లతో పనిలేదు, సుఖంగా లేని గంటలు లెక్కపెట్టాలి. భారతీయుల మీద చేసిన ఐమాక్ నమూనా ప్రకారం కిటికీలు తెరుచుకుని ఉండే గదిలో జనానికి హాయిగా ఉండే ఉష్ణోగ్రత: గత 30 రోజుల బయటి సగటును 0.54తో గుణించి 12.83 కలపాలి. బయటి సగటు 33 ఉంటే 30.6 డిగ్రీలు వస్తుంది. దానికి 2.4 డిగ్రీలు పైకి దాటిన గంటలెన్నో ఇప్పటి ఇంటికీ, మార్చిన ఇంటికీ లెక్కపెట్టండి. ఇన్సులేషన్ పెట్టినా రాత్రి కిటికీలు మూసి ఉంచితే ఈ గంటలు అనుకున్నంతగా తగ్గవు. లోపల పుట్టిన వేడి బయటికి పోయే దారి ఉండదు. కిటికీల షెడ్యూల్ మార్చి మళ్లీ రన్ చేస్తే అది కూడా తేలిపోతుంది.

ఏది చేయించాలో తేలాక కాంట్రాక్టర్‌ను రేటు ఒక్కటే అడగొద్దు. బోర్డు మందం, దాని థర్మల్ కండక్టివిటీ (వేడిని ఎంత పోనిస్తుందో చెప్పే అంకె), పూత అయితే పరీక్షించిన రిఫ్లెక్టెన్స్ (ఎండలో ఎంత భాగాన్ని తిప్పికొడుతుందో) కాగితం అడిగి తీసుకోండి. ఆ అంకెలను మోడల్‌లో పెట్టి మరోసారి రన్ చేశాకే అడ్వాన్స్ ఇవ్వండి.